బిషప్ మెడలో నారింజ పట్టీ

నేను వెస్ట్‌పోర్ట్‌లో మాంసం కొట్టులో పనిచేస్తాను. పొద్దున లేస్తే గొర్రెల్నీ పశువుల్నీ కొట్టి ముక్కలు చెయ్యడమే నా బతుకు. కాబట్టి నన్ను నెత్తురు చూసి కళ్ళు తిరిగే రకం అనుకోకండి. ఆ ఏప్రిల్‌లో నాకు పుట్టిన అసహ్యానికీ నెత్తురుకీ ఏ సంబంధమూ లేదు.

ఏప్రిల్ అంటే మా కొండల్లో మగదుప్పులు ఆడవాటి కోసం రంకెలు వేసే నెల. ఏటా ఆ నెలలో సెలవు పెట్టి మటాకిటాకి లోయలో ఉన్న మా ఇంటికి వెళ్ళి నాన్నతో వేటకి తిరుగుతాను. ఆ ఏడు మాత్రం నాన్న మోకాళ్ళు మొరాయించాయి. రంకెల కాలం అయిపోగానే పొలమూ పశువులూ రేవిన్ అక్కకీ బ్రెట్ బావకీ అప్పగించి, తనూ అమ్మా వెనకున్న చిన్నింట్లోకి మారాలని ఆయన నిశ్చయం చేసేశాడు. అమ్మ కూడా సరేనంది. ఆవిడకి ఉన్న బెంగల్లా ఒక్కటే.

"నేను చిన్నింట్లో ఉంటే బిషప్‌కి ఎలా తెలుస్తుందే? వాడు ఈ గేటు దగ్గరికే కదా వస్తాడు."

బిషప్ అమ్మ పెంచిన దుప్పి. తల్లి చచ్చిపోతే, పిల్లి పిల్లంత ఉన్నప్పుడు వాగు ఒడ్డున దొరికాడు. అమ్మ సీసాతో పాలు పట్టి పెంచింది. పెద్దవాడై అడవిలోకి పోయాడు గానీ, బుద్ధి పుట్టినప్పుడల్లా గంభీరంగా నడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. చర్చి పెద్దలా ఉండే ఆ నడక చూసే ఆ పేరు పెట్టాం. వేటగాళ్ళు పొరపాటున కాల్చకుండా అమ్మ వాడి మెడకి ఎక్కడున్నా కనిపించే నారింజ రంగు పట్టీ కట్టేది. ఏటా రంకెల కాలానికి ముందు పాత పట్టీ విప్పి కొత్తది కట్టడం ఆవిడకో పండగ. ఆ నెలలో మగదుప్పి ఆడదాని వెంట తిరగడమే గానీ మేత ముట్టదు. బిషప్ కూడా అంతే, అమ్మ డబ్బాలోని అల్లం బిస్కెట్ తప్ప ఏదీ ముట్టేవాడు కాదు.

ఆ ఏడు కొత్త పట్టీ కట్టేటప్పుడు నేను కొమ్ములు పట్టుకున్నాను. బావ గేటు మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు.

"కొమ్ములకి పద్నాలుగు శాఖలు! ఈ లోయలో ఇలాంటి తల ఇంకోటి లేదత్తయ్యా."

"తల అంటావేంటి? అది వాడి మొహం," అంది అమ్మ. "ఇదుగో, నువ్వో బిస్కెట్ పెట్టు, నిన్ను గుర్తుపెట్టుకుంటాడు."

"అమ్మో, ఆ అల్లం ఘాటు నాకు వాసనే పడదు. మీ బిషప్‌గారికే ఉంచండి," అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు బావ.

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద, రొట్టె పక్కన, బావ తన తుపాకీ తెచ్చి పెట్టాడు. దాని మీద కొత్త దుర్భిణి బిగించి ఉంది.

"నాలుగు రెట్ల నుంచి పదహారు రెట్ల దాకా పెరుగుతుంది మామయ్యా. ఈ వలయం తిప్పితే చాలు. అవతలి కొండ మీద దుప్పి రెప్ప వేసినా తెలుస్తుంది."

"రెప్ప వేసేదాకా చూస్తూ కూర్చుంటావా, కాలుస్తావా?" అన్నాడు నాన్న.

"ఏం బావా, చంద్రుడి మీద మేసేవాటిని కూడా కొట్టేస్తావా?" అన్నాను నేను.

"నీకు కుళ్ళు మరదలా. నీ తుపాకీ మీదున్నది మీ తాత కళ్ళజోడు కదా."

నిజమే. నాదీ నాన్నదీ పాతకాలపు దుర్భిణులు. నాలుగు రెట్లే. తిప్పడానికి వలయం కూడా ఉండదు. నాన్న చెంచా కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. ఈ ఉపన్యాసం నాకు కంఠతా వచ్చు. అక్కకీ వచ్చు కాబట్టే లేచి గిన్నెలు తీయడం మొదలుపెట్టింది.

"చూడు అల్లుడూ. కొండల మీద, బయలు మీద పదహారు పెట్టుకో, నేను కాదనను. అడవిలో అడుగుపెట్టావా, నాలుగు. మన అడవిలో దుప్పి ఎదురుపడేది పెరట్లో కోడి ఎదురుపడినంత దగ్గర. పదహారులో చూస్తే నీకు కనిపించేది దుప్పి కాదు, వెంట్రుకలు. అవి దుప్పివో, పక్కింటివాడి పెయ్యవో, పక్కింటివాడివో ఎవడు చెప్పాలి? తలుపు తీసుకుని చూడాలయ్యా, తాళం కన్నంలోంచి కాదు."

"సరే మామయ్యా, నాలుగే," అని బావ వలయాన్ని ఆ చివరికంటా తిప్పి చూపించాడు. "ఇక అడవిలో దీన్ని ముట్టుకుంటే ఒట్టు."

నాన్న మొహం వెలిగిపోయింది. తన మాట వినే మగపిల్లాడు లేడన్న బాధ ఆయనకి ఎప్పుడూ ఉండేది. వినే ఆడపిల్లని ఎదురుగా పెట్టుకుని పడే బాధ అది. అల్లుడు ఆ లోటు తీరుస్తున్నాడని మురిసిపోయేవాడు. పాపం అనుకునేదాన్ని అప్పట్లో.

బిషప్ పోయిన రోజు పొద్దున్న బావా నేనూ కలిసే బయల్దేరాం. రాత్రంతా కురిసిన వానకి వాగు ఒడ్డు బురదబురదగా ఉంది. దాటి అవతలికి ఎక్కుతుండగా బావ కాలు జారి చతికిలపడ్డాడు. తుపాకీ మీద కూడా బురద చింది, దుర్భిణి వలయం మీంచి గొట్టం మీదికి ఇంత పొడుగున చారలా పడింది. నేను పడీపడీ నవ్వాను. తుడుచుకోమంటే, ఆరాక అదే రాలుతుందిలే అన్నాడు. నేను శిఖరం వైపు ఎక్కాను. అతను అడవిలోకి పోయాడు. తర్వాత ఎండ కాసింది.

మధ్యాహ్నం వేళ కింద అడవిలోంచి ఒకే ఒక్క తుపాకీ మోత వినిపించింది. సాయం పట్టాలి కదా అని దిగాను. ముసిరే ఈగల్ని తోలుకుంటూ, పొదలు తప్పించుకుంటూ వెళ్తుంటే ముందుగా నాకు కనిపించింది నారింజ రంగు.

బిషప్ పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. నోట్లో ఇంకా నమలని ముద్ద ఏదో గోధుమరంగులో ఉంది. బావ దుంగ మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"వెంట్రుకలే కనిపించాయి లోర్నా! పొద్దున్న అవతలి కొండ చూద్దామని పదహారు పెట్టాను, తగ్గించడం మర్చిపోయాను. మామయ్య ఎలా చెప్పాడో అలాగే జరిగింది. ఇప్పుడు అత్తయ్యకి నా మొహం ఎలా చూపించను?"

కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. నాకు జాలేసింది. నిజంగానే వేసింది. భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకో బావా" అన్నాను. చెట్టుకి ఆనించిన తుపాకీ తీసి, అలవాటు ప్రకారం అది పేలకుండా బోల్ట్ ఊడలాగి జేబులో వేసుకున్నాను. అప్పుడు వలయం మీద అంకె చూశాను.

నాలుగు.

పొద్దున పడ్డ బురద చార ఎండిపోయి, వలయం మీంచి గొట్టం దాకా ఒక్క పగులు కూడా లేకుండా అతుక్కుని ఉంది. పడినప్పటి నుంచి ఆ వలయాన్ని ఎవరూ తిప్పలేదు. ముందూ తిప్పలేదు, కాల్చాకా తిప్పలేదు. బావ మొహం చేతుల్లో దాచుకునే ఉన్నాడు. తూటా ఖాళీ గొట్టం రాలిన చోటికి వెళ్ళి నిలబడి, దుర్భిణిలోంచి బిషప్‌ని చూశాను. చెవుల దగ్గర్నుంచి గిట్టల దాకా మొత్తం కనిపించాడు. చుట్టూ పొదలు కూడా కనిపించాయి. నడుమ నారింజ పట్టీ పెళ్ళివారి తోరణంలా వెలిగిపోతోంది.

బావ భుజం మీద వేసిన చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాను. ఏమీ అనలేదు. అనవలసింది నాన్న. వలయం చూస్తే ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తుపాకీని దారంతా నేనే మోసుకొచ్చి, ఇంటి పక్క షెడ్డులో ఉన్న నాన్న చేతుల్లోనే పెట్టాను. వేటనుంచి వచ్చిన ప్రతి తుపాకీనీ తుడిచి బీరువాలో పెట్టడం ఆయన పని. బావ ఆయనకి చెప్పుకుంటుంటే నేను బాధ్యత దింపుకున్నదానిలా బావి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాను.

తిరిగి వచ్చేసరికి నాన్న వరండాలో ఉన్నాడు. తుపాకీ చేతిలోనే ఉంది. అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది, ఏడవడం లేదు. బావ మెట్ల మీద, అక్క అతని పక్కన.

"చెప్పానా లేదా? ఏళ్ళ తరబడి నెత్తీ నోరూ కొట్టుకున్నానా లేదా?" అంటున్నాడు నాన్న. గొంతులో కోపం కంటే ఇంకేదో ఎక్కువగా ఉంది. ముచ్చటపడుతున్నాడా అని అనుమానం వచ్చింది నాకు. "నోలీన్, నువ్వే చూడు. అదిగో కంచె దగ్గర ఎర్ర పెయ్య. దీంట్లోంచి చూడు."

అమ్మ తుపాకీ అందుకుని కంటికి ఆనించింది. చాలాసేపు చూసింది.

"ఏం కనిపిస్తోంది?"

"ఎరుపు."

"అంతేనా?"

"అంతే మర్వ్."

"అదీ సంగతి! వాడికీ అంతే కనిపించింది. పిల్లాడి తప్పు కాదు, పదహారు తప్పు."

అమ్మ తుపాకీ తిరిగి ఇచ్చేసి, కంటికి అంటిన బురద ఆప్రాన్‌తో తుడుచుకుంది. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. వలయం పదహారు మీద ఉంది. ఎండిన బురద చార రెండు ముక్కలైంది. గొట్టం మీది ముక్క ఒక పక్కన, వలయం మీది ముక్క ఇంకో పక్కన. అడవి నుంచి తుపాకీ నా చేతుల్లోంచి నాన్న చేతుల్లోకి తప్ప ఎక్కడికీ పోలేదు.

నాన్న నా వైపు చూడలేదు.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పాలంటే నోరు చేదవుతుంది. వచ్చినవాళ్ళందరికీ నాన్న ఆ పెయ్య ఆట ఆడి చూపించాడు. ప్రతివాడూ కన్ను ఆనించి, తలాడించి, "మర్వ్ ఎప్పుడూ చెబుతూనే ఉంటాడు" అన్నాడు. బావ తల వంచుకుని నిలబడేవాడు. ఒకళ్ళిద్దరు అతన్ని ఓదార్చారు కూడా. ఊరి వేటగాళ్ళ సంఘం వాళ్ళు వచ్చి, ఎంతైనా అడవిలో పుట్టిందే కదా, అంత తలని పారేస్తామా, కొమ్ముల పోటీకి పెట్టండి అన్నారు. బావ "అయ్యో వద్దు" అని ఒకసారే అన్నాడు. నాన్న పట్టీ విప్పి అమ్మకిచ్చి, మాంసం ఊడి ఎముక తేలేలా తలని ఉడకబెట్టడానికి పెద్ద గంగాళం తీశాడు.

మాంసం వృథా చెయ్యకూడదని కూడా ఆయనే అన్నాడు. మా ఇంట్లో చంపింది ఏదైనా తినాల్సిందే, అది మా తాతల నాటి నియమం. ఆదివారం మధ్యాహ్నం అమ్మే వండింది. వంకాయరంగు ముక్కలు, బంగాళాదుంపలు, గ్రేవీ. అందరికీ వడ్డించి, తన పళ్ళెం ఖాళీగా ముందు పెట్టుకుని కూర్చుంది.

"మెత్తగా ఉడికింది అత్తయ్యా," అన్నాడు బావ. మళ్ళీ వడ్డించుకున్నాడు. పళ్ళెంలో మిగిలిన గ్రేవీని రొట్టెతో తుడుచుకుని మరీ తిన్నాడు.

నేను లేచి బయటికి పోయి కంచె పక్కన కక్కుకున్నాను. అక్క నా వెనకే వచ్చి, "అమ్మే ఊరుకుంది, నీకెందుకే ఈ వేషాలు?" అంది. ఆమెకి ఏం తెలుసో ఏం తెలియదో నేను అడగలేదు. అడిగితే ఆమె మీద కూడా అసహ్యం పుడుతుందని భయం వేసింది.

ఆ సాయంత్రం షెడ్డులోకి వెళ్ళాను. నాన్న నూనె గుడ్డతో తన పాత తుపాకీ తుడుస్తున్నాడు.

"వలయం నాలుగు మీద ఉంది నాన్నా."

గుడ్డ ఆగలేదు. "ఎవరన్నారు?"

"నేను చూశాను."

"నేనూ చూశాను," అన్నాడు.

ఇంతసేపూ, లేదు, నువ్వు పొరబడ్డావు అంటాడేమోనని ఎక్కడో ఆశ పెట్టుకున్నాను. ఆ ఆశ కూడా తీసేశాడు.

"తిప్పింది నువ్వేనా?"

"మరి ఏం చెయ్యమంటావే? మీ అమ్మ మూర్ఖత్వాన్ని క్షమిస్తుంది. నలభై ఏళ్ళు నన్ను క్షమించింది కదా. తెలిసి చేసినదాన్ని క్షమించదు. రేపటినుంచి వాళ్ళింట్లో, వాడి ఎదురుగా తినాలి ఆవిడ. ఆ పట్టీ చూసి కూడా కాల్చాడని తెలిస్తే ముద్ద దిగుతుందా?"

"అయితే ఇది అమ్మ కోసమా? పొలం కోసం కాదా?"

"రెండూను." అప్పుడు తలెత్తాడు. "వాణ్ణి పొమ్మంటే నీ అక్క పోతుంది. నా మోకాళ్ళు ఇవి. పశువుల్ని ఎవడు చూస్తాడు, నువ్వా? కొమ్ముల మీద ఆశపడ్డాడు, వెధవ. వయసులో ఉన్నవాడు. ఇకమీదట జన్మంతా నాకు లొంగి ఉంటాడు."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన మొహంలో, బల్ల దగ్గర బావ వలయం తిప్పి చూపించినప్పటి వెలుగే కనిపించింది. నాకు దుప్పుల్ని చూడటం, రంకెను బట్టి వయసు చెప్పడం, గాలి ఎటు ఉందో కనిపెట్టడం నేర్పిన మనిషి ఆయన. ఆ నూనె చేతులు చూడబుద్ధి కాలేదు.

"ఇంత నేర్చుకున్నాను గానీ నాన్నా, అబద్ధానికి ఎన్ని రెట్లు పెట్టాలో నువ్వు నేర్పలేదు," అని వచ్చేశాను.

అమ్మకి చెప్పాలా వద్దా అని రోజుల తరబడి మల్లగుల్లాలు పడ్డాను. చెబితే ఆవిడ ఎక్కడికి పోతుంది? చెప్పకపోతే ఆవిడ ఎక్కడ ఉంటుంది? తేల్చుకునేలోగా సంఘం పోటీ రోజు వచ్చింది. ఊరి హాల్లో, శనివారం మధ్యాహ్నం. అమ్మ తలనొప్పిగా ఉంది రానంది. వరసగా గోడకి తగిలించిన తలల్లో బిషప్ తల నట్టనడుమ ఉంది. తెల్లగా ఉడికిన ఎముక, దాని మీద పద్నాలుగు శాఖలు. టేపు పెట్టి కొలిచారు. బావ పేరు పిలిచి కప్పు ఇచ్చారు. "ఇది మా మామయ్యకే చెందాలి. ఆయన మాట వినకపోతే ఏమవుతుందో నేర్చుకున్నాను," అన్నాడు బావ. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న లేచి నిలబడి, మోకాళ్ళ నొప్పి మర్చిపోయి మరీ కొట్టాడు. నేను తలుపు తీసుకుని బయటపడ్డాను. చెప్పేద్దామని నిశ్చయించుకుని కారు ఇంటి వైపు తిప్పాను.

అమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఆదివారం ప్రార్థనకి వేసుకునే కోటు వేసుకుంది. పక్కన ఓ పెట్టె. ఒళ్ళో బిస్కెట్ల డబ్బా.

"వెస్ట్‌పోర్ట్‌లో నీకు గదులు రెండున్నాయి కదే?" అంది.

"ఉన్నాయమ్మా."

"అయితే పద."

పెట్టె కారులో పెట్టాను. గేటు దాటాక అమ్మ కారు ఆపమని దిగింది. గేటు మూసి, కోటు జేబులోంచి నారింజ పట్టీ తీసి గొళ్ళేనికి బిగించి ముడి వేసింది. ఇక ఆ గేటు తెరవాలంటే దాన్ని విప్పాలి. వచ్చి కూర్చుంది. రోడ్డు ఎక్కాక నేను నోరు విప్పాను.

"అమ్మా, నీకో సంగతి చెప్పాలి. ఆ రోజు..."

"తెలుసు," అని డబ్బా మూత మీద వేలితో తట్టింది. "మీరిద్దరూ వెళ్ళాక కాఫీలోకని తీశాను. నిండుగా ఉండాల్సింది, సగం ఖాళీ. మనింట్లో నేను తప్ప ఎవరూ వాటిని తినరు. బ్రెట్‌కి వాసనే పడదు, అయినా పట్టుకుపోయాడంటే బిషప్ కోసమే. మోత వినగానే తెలిసిపోయింది, ఎవడు ఎవణ్ణి పిలిచి కాల్చాడో."

బిషప్ నోట్లో నమలని ముద్ద గుర్తొచ్చింది.

"మరి అప్పుడే అడగలేదేం?"

"బ్రెట్‌ని అడగడానికేముంది? వాడి సంగతి తేలిపోయింది. మీ నాన్న ఏం చేస్తాడో చూద్దామనుకున్నాను." అమ్మ కిటికీలోంచి నదిని చూస్తోంది. "మన వంటింటి కిటికీ షెడ్డు వైపే కదా. ఆయన తుపాకీ వెలుతురులోకి పట్టుకుని ఆ అంకె చూడటం చూశాను. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. పాపం, ఎలా చెప్పాలా అని చూస్తున్నాడనుకున్నాను. టీ కూడా పెట్టాను, వచ్చి చెబుతాడని. తర్వాత వలయం తిప్పడం చూశాను."

అమ్మ డబ్బా మూత తీసి, నాకో బిస్కెట్ అందించింది.

"అప్పటిదాకా, పోయింది బిషప్ ఒక్కడే అనుకున్నానే," అంది.